చేదు మొక్క చిన్నతనం

సిదింబా, మాఘం 20

తమ్ముడు పదమ్‌ధ్వజ్‌కు,

యుమా తల్లి నీ మోకాళ్ళను చల్లగా చూడాలి. కింద ధరాన్ పట్టణంలో మెట్లు లేని ఇంట్లో ఉంటున్నావు కాబట్టి ఆ తల్లికి పెద్ద పనేమీ ఉండదు. ఈ ఉత్తరం పక్కింటి కోడలు దిల్‌కుమారి రాస్తున్నది. నా మాటలు మెత్తబరిచి రాస్తుందేమోనని ప్రతి ముక్కా మళ్ళీ చదివించుకుంటున్నాను. కాబట్టి ఇందులో ఉన్నదంతా నేను అన్నదే అనుకో.

సంగతి చిరైతా గురించి. మన చిన్నప్పుడు జ్వరం వస్తే అమ్మ ముక్కు మూసి పోసేది చూడు, నువ్వు గొడ్లపాక వెనక్కి పోయి ఉమ్మేసేవాడివి, ఆ చేదే. అప్పుడు దానికోసం పెరటి గట్టు దాటితే చాలు. కింది నుంచి వ్యాపారులు వచ్చి మూటలు కొనడం మొదలుపెట్టాక ఊరు ఊరంతా వేళ్ళతో సహా పీకింది. అదీ పూతలో ఉండగానే. గింజ రాలనివ్వకపోతే మరుసటి ఏడు ఏది మొలుస్తుంది? పోయిన వానాకాలం ఊళ్ళో జ్వరాలు పట్టుకున్నప్పుడు గుప్పెడు కాడల కోసం రెండు రోజులు కొండ ఎక్కాను. నాకు డెబ్బై ఒకటి.

కార్తీకంలో మళ్ళీ ఎక్కాను. ఒక బండ చాటున పదిహేడు మొక్కలు నిలబడి ఉన్నాయి, నా భుజం ఎత్తున. ముట్టుకోలేదు. మేకలవాళ్ళు వదిలేసిన పాకలో తొమ్మిది రోజులు కూర్చుని, కాయలు పగిలాక, నడికట్టు విప్పి కింద పరిచి దులిపాను. వాటిని గింజలనకూడదు, తమ్ముడూ, ముక్కుపొడి అనాలి. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతాయి. ఇంటికి వచ్చేదాకా తుమ్మకుండా వచ్చాను.

గొడ్లపాక పైన నాన్న వదిలేసిన వాలు నీ పేరున ఉంది. పన్నెండేళ్ళుగా అందులో గడ్డి తప్ప మరొకటి లేదు. అది నాకు ఇవ్వు. పెళ్ళి చేసుకుని వెళ్ళిన ఆడదానికి పుట్టింటి నేలలో పాలు లేదని నాకు తెలుసు. మొగుడు పోయి తిరిగి వచ్చినదానికి అసలే లేదు. నేను పాలు అడగడం లేదు. విత్తు వేసి, గింజ రాలేదాకా ఉండనిమ్మంటున్నాను.

మన పెదనాన్న కొడుకు ఐతమాన్ ఈ సంగతి విని గట్టు మీద నిలబడి, "అక్కా, అడవి మొక్కను అడవే కనాలి. నువ్వెందుకు మంత్రసానివై పోతావు?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.  ఆ నవ్వుకు జవాబు మొక్కే మొలిచి చెబుతుంది.

వెంటనే రాయి. గింజలు నా దిండు కింద ఉన్నాయి.

నీ అక్క జస్మాయ


ధరాన్, ఫాల్గుణం 8

అక్కకు నమస్కారం. ఇక్కడ అందరం క్షేమం. మోకాళ్ళు కూడా.

వాలు తీసుకో. ఒక్క మాట ముందే చెప్పాలి. ఆ వాలులో పెద్ద యాలకులు వేసుకుంటానని ఐతమాన్ అడిగితే, పోయిన ఏడు పెద్దల ముందు సరేనన్నాను. ఈ జ్యేష్ఠం కాదు, పై ఏటి జ్యేష్ఠంలో అతడు పిలకలు నాటుతాడు. అప్పటిదాకా నీది. పదిహేను నెలలు ఏ పంటకైనా చాలు.

పల్టన్‌లో సిపాయిగా ఉన్నప్పుడు కూరగాయల తోట నా చేతి కింద ఉండేది కాబట్టి ఒక సలహా. విత్తు మీద రెండు వేళ్ళ మందం మట్టి కప్పు. లేకపోతే పిట్టలు తింటాయి. పెంట ఎరువు బాగా వెయ్యి.

అసలు ఇంత శ్రమ దేనికో నాకు అర్థం కాలేదు. ఇక్కడ బజారులో చిరైతా కట్టలు దొరుకుతాయి. ఒకటి పంపమంటావా?

పదమ్‌ధ్వజ్


సిదింబా, వైశాఖం 24

మొలిచింది.

దీవెనలు చివర రాయిస్తాను. ముందు ఇది విను. మొలిచింది.

నీ సలహా విని సగం గింజలకు మట్టి కప్పాను. చోళ్ళకు కప్పినట్టు కప్పి, పెంట వేసి, ముళ్ళకంప అడ్డం పెట్టి, ముప్పై అయిదు రోజులు కాపలా కాశాను. ఏమీ రాలేదు. పిట్టలు కూడా రాలేదు. బండ మీద కూర్చుని నిన్నూ, నీ పల్టన్‌నూ, ఆ పల్టన్ తిన్న కూరగాయలనూ వరసగా తిట్టాను. తిట్టి లేచి వస్తుంటే కాలిదారిలో పచ్చగా ఏదో కనబడింది. విత్తిన రోజు మూట విప్పినప్పుడు గాలికి కాసిన్ని గింజలు ఎగిరి అక్కడ పడ్డాయి. నేను తొక్కుకుంటూ తిరిగిన దారే, నాచు పట్టిన తడి నేల. అందులో ఆవగింజకు సగం లేని ఆకులు, జంటలు జంటలుగా. మోకాళ్ళ మీద పడి ముక్కు నేలకు ఆనించి చూశాను. ఐతమాన్ అటు పోతూ, "ఎవరికి మొక్కుతున్నావక్కా?" అన్నాడు. నీ తాతకు అన్నాను.

దానికి వెలుతురు కావాలి, తమ్ముడూ. పైన మట్టి పడితే లోపలే ఉండిపోతుంది. అడవిలో దానికి మట్టి కప్పేవాడు ఎవడున్నాడు? అరవై ఏళ్ళుగా దాన్ని తాగుతున్నదాన్ని, నాకీ మాత్రం తట్టలేదు. మిగిలిన సగాన్ని ఇసుకలో కలిపి, వాలు మీద గడ్డి చెక్కి, ఉత్త నేల మీద చల్లి అరచేత్తో అద్దాను. ఎండ కొట్టకుండా పైన పల్చగా ఆకు కొమ్మలు పరిచాను. చినుకులు పడ్డాయి. ఇరవై నాలుగో రోజున కొమ్మలు ఎత్తి చూస్తే వాలంతా ఎవరో పచ్చ సున్నం చిలకరించినట్టు ఉంది. ఆ రోజు నేను అన్నం తినడం మరిచిపోయాను. మరునాడు గుర్తొచ్చి రెండు రోజులది తిన్నాను.

జ్యేష్ఠం అని ఏదో రాశావట, దిల్‌కుమారి చదివింది. చూద్దాంలే.

నిన్నూ నీ వాళ్ళనూ యుమా తల్లి కాపాడాలి. నీ సలహాలనుంచి నన్ను కాపాడాలి.

జస్మాయ


ధరాన్, జ్యేష్ఠం 15

అక్కకు నమస్కారం.

చాలా సంతోషం. పింఛను తీసుకునే చోట నా పాత స్నేహితులకు చెప్పాను. సొంత తోటలో చిరైతా అంటే ఎవరూ నమ్మలేదు. కొత్త ధాన్యం పండుగ చాసోక్ నాటికి అయిదు కట్టలు పంపు, వాళ్ళ ముందు పెడతాను. పంట ఈ ఏడే చేతికి వస్తున్నది కాబట్టి వచ్చే జ్యేష్ఠం గడువుతో నీకు ఇబ్బంది ఉండదని ఐతమాన్‌కు కూడా రాశాను.

పదమ్‌ధ్వజ్


సిదింబా, ఆషాఢం 6

తమ్ముడూ,

పాలపళ్ళు రాని పిల్లకు పెళ్ళి సంబంధం చూసినట్టుంది నీ ఉత్తరం. అయిదు కట్టలట. ఇప్పుడు నా మొక్క ఎంతుందో తెలుసా? నీ బొటనవేలి గోరంత. ఈ ఏడంతా అది నేలకు కరుచుకుని నాలుగు ఆకులు చాపి పడుకుంటుంది. వచ్చే ఏడు వసంతంలో లేచి నిలబడుతుంది. ఆశ్వయుజంలో పూస్తుంది. కార్తీకం దాటాకే గింజ రాలుస్తుంది. బండ చాటున పెద్దవాటి పాదాల దగ్గర పిల్లలను చూసి వచ్చాను కాబట్టి చెబుతున్నాను. నువ్వు చెప్పిన జ్యేష్ఠానికి అది సగం ఎత్తు పెరిగి ఉంటుంది. అప్పుడు ఐతమాన్ గునపం దింపితే మొత్తం పోయినట్టే. ఇంకో ఆరు నెలలు కావాలి. అతడికి రాయి. నేనూ చెబుతాను గాని, నేను చెబితే అది తగాదా అవుతుంది.

ఇక్కడ వానలు ముందే పట్టుకున్నాయి. గడ్డి మోకాలి దాకా లేచి మొక్కలను మింగేస్తున్నది. పొద్దుటి నుంచి గొంతుక్కూర్చుని ఒక్కో పరకా వేలితో లాగుతున్నాను. ఒక చివర శుభ్రం చేసేసరికి రెండో చివర మళ్ళీ అడవి. నడుము రెండు ముక్కలైంది. అయినా ఆ ఆకుల మీద నీటిబొట్టు నిలిస్తే నొప్పి తెలియడం లేదు.

నీ అక్క


ధరాన్, ఆషాఢం 22

అక్కా,

నీ నడుము సంగతి చదివి బాధపడ్డాను. ఒక ఏర్పాటు చేశాను. ఏమిటని అడగవద్దు. శ్రావణం మొదటి వారంలో సంతకు వెళ్ళి ఉప్పు తెచ్చుకో. దారిలో నిమ్మళంగా కూర్చుని ఒక కుండ తోంగ్బా కల్లు తాగు. తిరిగి వచ్చాక చూసి ఆనందించు.

పదమ్‌ధ్వజ్


సిదింబా, శ్రావణం 9

పదమ్‌ధ్వజ్‌కు,

చూసి ఆనందించాను.

నిన్న సంత నుంచి ఉప్పు మూటతో వచ్చేసరికి వాలు మీద ముప్పై మంది. నువ్వు ఐతమాన్‌కు రాశావట, అతడు పనికి పని బదులిచ్చే పద్ధతిలో ఇంటికొకరిని పిలిచాడట. కొడవళ్ళు, పారలు, పాటలు, పెద్ద కుండ నిండా చోళ్ళ కల్లు. పెళ్ళివారి విడిదిలా ఉంది. వాలు మాత్రం తలనీలాలు తీసిన గుండులా ఉంది. ఒక్క పరక లేదు. ఒక్క ఆకు లేదు. గడ్డితోపాటు నా మొక్కలను కూడా పెరికి గట్టున కుప్ప పోశారు. మాన్‌సరి ముసలిది నా చెయ్యి పట్టుకుని, "ఎంత శుభ్రం చేశామో చూడవే జస్మాయా," అన్నది. ఐతమాన్ ఆకు దొన్నెలో కల్లు పోసి నాకు ఇవ్వబోయాడు. ఆ దొన్నెను ఎక్కడికి విసిరానో నాకు గుర్తులేదు.

ఆరు నెలలు ఎక్కువ అడిగాను. ఇవ్వలేనని రాయొచ్చు. నన్ను సంతకు పంపి పని ముగించడం దేనికి? ఇద్దరూ కలిసే చేశారు. యాలకులకు నేల శుభ్రమైంది కదా. గోతులు తవ్వుకోమను.

ముప్పై నోళ్ళతో నేను ఒక్కదాన్నీ వాదించాను. ఇది కలుపు కాదురా, చిరైతా అన్నాను. వాళ్ళంతా కుప్ప వంక, నా వంక చూసి పిచ్చిదనుకున్నారు. ఇప్పుడు ఆ కుప్ప మీద వాన కురుస్తున్నది.

ఇకనుంచి నాకు తమ్ముడు లేడు. దీవెన రాయవద్దని దిల్‌కుమారికి చెప్పాను.

జస్మాయ


సిదింబా, శ్రావణం 11

తమ్ముడూ,

మొన్నటి ఉత్తరం నీకు చేరకముందే ఇది చేరితే బాగుండును. దాన్ని చించెయ్యి. ఇది చదువు.

నిన్న తెల్లవారి తలుపు తీస్తే వాకిట్లో మాన్‌సరి, ఆమె వెనక ఐతమాన్, వాళ్ళ వెనక ఆ ముప్పై మందిలో తక్కినవాళ్ళంతా వానలో నిలబడి ఉన్నారు. తల మీద గొంగళ్ళు, చేతుల్లో పుల్లలు. ఐతమాన్ నేల చూస్తూ, "అక్కా, చేసిన పని చెడితే ఆ రోజు చేసినట్టు లెక్కకాదు. ఇంకా నీకు ఒక రోజు బాకీ ఉన్నాం. ఏది మొక్కో చూపించు," అన్నాడు.

  కుప్ప దగ్గరికి తీసుకుపోయి ఒక మొక్క తీసి చూపించాను. నాలుగు వెడల్పు ఆకులు, మధ్యలో చిన్న మొగ్గ, తెల్లటి వేరు. ఒక ముక్క కొరికి చూడమన్నాను. ఐతమాన్ కొరికాడు. ముఖం మొత్తం ముడుచుకుపోయింది. పక్కవాడికి ఇచ్చాడు. అలా ముప్పై ముఖాలూ ముడుచుకున్నాయి. మాన్‌సరికి డెబ్బై దాటింది, ఎన్ని మూటల చిరైతా మోసిందో ఆమెకే తెలియదు. ఆమె ఆకును అరచేతిలో పెట్టుకుని, "నేనెప్పుడూ దీన్ని ఇంత చిన్నగా చూడలేదే," అన్నది.

అదీ సంగతి. ఈ కొండ మీద ఎవడూ దాని చిన్నతనం చూడలేదు. నిలువెత్తు పెరిగి పూసినప్పుడే అడవికి పోయి పీకాం. నేలకు కరుచుకున్న ఆ ఆకులను ఏళ్ళ తరబడి తొక్కుకుంటూ నడిచాం. ఐతమాన్ కుట్ర చేశాడనుకున్నాను. వాడికి కుట్ర చేసేంత తెలివి ఉందనుకోవడం నాదే తప్పు.

రెండు రోజుల వాన వల్ల కుప్పలోవి చావలేదు, చల్లగా ఉన్నాయి. ఏరుకుంటూ పోయి, జానెడు దూరంలో పుల్లతో చిల్లి పెట్టి, ఒక్కోటి నాటాం. మనిషికి ఒక వరుస. ఎవరి వరుస వారికే ముద్దు. నా వరుస వంకరగా ఉందని మాన్‌సరి ఎగతాళి చేసింది. సాయంత్రానికి వాలు మీద ముప్పై ఒక్క వరుసలు. ఇంతకుముందు గుంపుగా ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి, ఇప్పుడు దేనికదే చెయ్యి చాపుకునే చోటుంది. నువ్వు చేసిన చెడ్డపని ఇంత బాగా కుదురుతుందని యుమా తల్లి కూడా అనుకుని ఉండదు.

నీకు రెండు దీవెనలు. ఒకటి మొన్నటి బాకీ.

నీ అక్క జస్మాయ


ధరాన్, శ్రావణం 29

జస్మాయ అక్కకు,

శ్రావణం 9వ తేదీ ఉత్తరం అందింది. నీ నడుము కోసం చేసిన పనిని కుట్ర అన్నావు. తమ్ముడు లేడన్నావు. మంచిది. లేని తమ్ముడు చాసోక్‌కు రాడు. వాలు గురించి పెద్దల ముందు ఇచ్చిన మాట ఉన్నది ఉన్నట్టే జరుగుతుంది. జ్యేష్ఠంలో ఐతమాన్ నాటుతాడు.

పదమ్‌ధ్వజ్ లింబూ


సిదింబా, భాద్రపదం 20

తమ్ముడూ,

నీ పేరు వెనక ఇంటిపేరు కూడా రాశావట. మరిచిపోతానని కాబోలు.

నా రెండో ఉత్తరం దారిలో విరిగిపడ్డ కొండచరియ కింద ఉందో, టపావాడి సంచీ అడుగున ఉందో. అందులో ఉన్నదంతా మళ్ళీ చెప్పే ఓపిక లేదు. ఒక్క మాట చెబుతాను. తప్పు నాది. ఈ మాట రెండుసార్లు చెప్పించుకుని గాని దిల్‌కుమారి రాయలేదు. ఐతమాన్ మంచివాడే. ఊరివాళ్ళంతా తిరిగి వచ్చి మొక్కలన్నీ నాటారు. వెయ్యికి తక్కువ లేవు, అన్నీ బతికాయి.

నన్ను క్షమించడం, మానడం నీ ఇష్టం. వాలు సంగతి వేరు. దాన్నీ దీన్నీ కలపకు. చాసోక్‌కు రాకపోతే పోనీ. కార్తీకం దాకా ఆగమను.

నీ అక్క


ధరాన్, మార్గశిరం 12

అక్కకు నమస్కారం.

నీ రెండో ఉత్తరం నాలుగు నెలల తరవాత బురద మరకలతో వచ్చింది. చదివి నవ్వాను. తరవాత మొదటి దాన్ని చించేశాను. మోకాళ్ళు వాచి చాసోక్‌కు రాలేకపోయాను గాని, కోపంతో కాదు.

వాలు విషయం మాత్రం నా చేతిలో లేదు. ఐతమాన్ పిలకలకు బేరం కుదుర్చుకున్నాడు. పెద్దల ముందు ఇచ్చిన మాటను ఇంటి మనిషి కోసం మారిస్తే రేపు నా మాటను ఎవరు నమ్ముతారు? జ్యేష్ఠం జ్యేష్ఠమే. నీకు వీలైనన్ని మొక్కలు వేరే చోటికి మార్చుకో.

పదమ్‌ధ్వజ్


సిదింబా, జ్యేష్ఠం 18

తమ్ముడూ,

లేచాయి. మంచు కరిగిన పది రోజులకు మధ్యలోంచి కాడ పుట్టింది. ఇప్పుడు నా మోకాలి ఎత్తు. నాలుగు పలకల కాడ, ఊదారంగు తిరుగుతున్నది. పొద్దున్నే పోయి ప్రతిదాని ఎత్తూ నా కాలితో కొలుస్తాను. మాన్‌సరి తన వరుస తాను కొలుచుకుంటుంది. ఊళ్ళో ఎవరు ఎదురైనా ముందు వరుస సంగతి అడిగి, తరవాత పిల్లల సంగతి అడుగుతున్నారు.

వేరే చోటికి మార్చుకోమన్నావు. ఇప్పుడు కదిలిస్తే చస్తాయి. అందుకని ఏమీ చెయ్యలేదు. నీ మాట నీది, గడువు వస్తే వస్తుందని కూర్చున్నాను. కూర్చోవడం నాకు ఎంత కష్టమో నీకు తెలుసు.

గడువు వచ్చింది. ఐతమాన్ యాలకుల పిలకలు ఎనిమిది బుట్టలు తెచ్చి తడి గోనెలు కప్పాడు. గోతులు తవ్వడానికి మళ్ళీ ఇంటికొకరిని పిలిచాడు. కల్లు కూడా సిద్ధం చేశాడు. పొద్దెక్కినా ఒక్కరూ రాలేదు. ఇంటింటికీ పోయి అడిగితే ఒకరికి కాలు నొప్పి, ఒకరి ఆవు ఈనింది. మాన్‌సరి మాత్రం వంకలు పెట్టలేదట. "నా చేత్తో నాటాను నాయనా. పెరకడానికి ఈ చెయ్యి రాదు. కావాలంటే నీ పని వేరే చోట రెండు రోజులు చేస్తాను," అన్నదట.

ఐతమాన్ తిన్నగా నా వాకిట్లోకి వచ్చి, "వాళ్ళకు నువ్వే ఎక్కించావు," అన్నాడు.

"ఎక్కించి ఉంటే ఎక్కించానని చెబుతాను. అబద్ధం ఆడటానికి నాకు భయం దేనికి?" అన్నాను. "నేల నీకిచ్చిన మాట నా తమ్ముడిది. పారతో పోయి నువ్వే తవ్వుకో. నేను అడ్డం రాను. చూడ్డానికి మాత్రం రాలేను."

పార భుజాన వేసుకుని వాలెక్కాడు. తలుపు సందులోంచి చూశాను. తను నాటిన వరుస దగ్గర నిలబడ్డాడు. అన్నిటికంటే ఎత్తుగా పెరిగింది వాడి వరుసే, తమ్ముడూ. వంగి, మధ్యలో లేచిన గడ్డి పరకలు రెండు లాగి, దిగి వచ్చాడు. "నా పిలకలు ఎండిపోతున్నాయక్కా," అన్నాడు. ఏడుపు గొంతుతో. యాలకులకు తడి కావాలి, నీడ కావాలి. ఆ ఎండ వాలులో అవి ఎన్నాళ్ళు బతుకుతాయిరా, నీకెవడు చెప్పాడు అన్నాను. చెయ్యి పట్టుకుని నా గుడిసె వెనక వాగు పక్కకు తీసుకుపోయాను. నా కూరపాదు చూపించి, ఇందులో నాటుకోమన్నాను. ఆవకూర, ముల్లంగి నేనే పీకేశాను. మాన్‌సరి, తక్కినవాళ్ళూ మధ్యాహ్నానికి వచ్చారు. కాలు నొప్పులన్నీ తగ్గాయి.

కాబట్టి మాట తప్పింది నువ్వు కాదు. కార్తీకం దాకా అని ఇప్పుడు రాయి. ఈ ఏడు కూర లేక పులియబెట్టి ఎండబెట్టిన పాత ఆకు గుండ్రుక్ తింటున్నాను, ఆ సంగతి కూడా గుర్తు పెట్టుకుని రాయి.

జస్మాయ


ధరాన్, భాద్రపదం 25

అక్కకు నమస్కారం.

ఆషాఢంలోనే జవాబు రాయాల్సింది. ఐతమాన్ కూడా రాశాడు. చిరైతా వాలు అలాగే ఉండనివ్వమని అతడే అడిగాడు. అలాగే ఉంటుంది. గింజ రాలేదాకా ఎవరూ ముట్టరు.

ఆలస్యానికి కారణం జ్వరం. తగ్గడం, తిరగబెట్టడం. ఆసుపత్రి మాత్రలు వేసుకుంటున్నాను, కంగారు పడకు. అన్నం మాత్రం మట్టిలా ఉంది. రెండు ముద్దలు దిగడం లేదు. నీ పూత ఎలా ఉందో రాయి. చదివించుకుని సంతోషిస్తాను. కళ్ళు కూడా సరిగా ఆనడం లేదు, ఈ ఉత్తరం కోడలు రాస్తున్నది.

పదమ్‌ధ్వజ్


సిదింబా, ఆశ్వయుజం 8

తమ్ముడూ,

పూసింది. పచ్చని పూలు, రేకుల మీద ఊదా గీతలు. దగ్గరికి పోయి చూస్తేనే పూలని తెలుస్తుంది. తేనెటీగలకు మాత్రం దూరంనుంచే తెలిసింది, వాలంతా మోగుతున్నది. వ్యాపారి ఒకడు వాసన పట్టుకుని వచ్చాడు. ఇప్పుడే పీకితే రంగు బాగుంటుందన్నాడు. గింజ రాలకముందు ఎవడి చెయ్యి దీని మీద పడినా ఆ చెయ్యి విరుస్తానని సంతలో నిలబడి, ఊరంతా వినేలా చెప్పాను.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. దిల్‌కుమారి చదివింది. రెండు ముద్దలు దిగడం లేదన్న చోట మళ్ళీ చదవమన్నాను.

తరవాత వాలెక్కి అన్నిటికంటే ఎత్తైన మొక్కను పీకాను. పట్టపగలు, అందరూ చూస్తుండగా. దానికి నూరు కాయలైనా పట్టి ఉండేవి. నేను అన్న మాట నేనే తప్పాను. నా చెయ్యి ఎవడైనా విరుస్తాడేమోనని చుట్టూ చూశాను.  ఆ మొక్క ఐతమాన్ వరుసలోది. వాడే అరటి పట్టలో చుట్టి, రెండు రోజులు నడిచి బస్సుదాకా మోసి నీకు పంపుతున్నాడు.

కాచవద్దు. నాలుగు అంగుళాల కాడ ముక్కలు చేసి చల్లనీళ్ళలో నానవేసి, పొద్దున్నే పరగడుపున ఆ నీళ్ళు తాగు. చక్కెర వేశావని తెలిస్తే అక్కడికి వచ్చి కొడతాను. డాక్టరు మాత్రలు మానకు. ఇది జ్వరం సంగతి చూసినా చూడకపోయినా నీ నోటి సంగతి చూస్తుంది. ఈసారి ఉమ్మెయ్యకు. దీనికి గొడ్లపాక వెనక చోటు లేదు.

నీ అక్క


ధరాన్, కార్తీకం 14

అక్కా,

తాగాను. ఎప్పటిదో అమ్మ చెయ్యి ముక్కు మీద పడ్డట్టయింది. జ్వరం మాత్రలకు అప్పటికే దిగుతున్నది. చేదు మొదలుపెట్టిన నాలుగో రోజు అన్నం పెట్టమని నేనే అడిగాను. కోడలు నమ్మలేదు. ఇప్పుడు మూడు పూటలా తింటున్నాను, ఈ ఉత్తరం నా చేత్తో రాస్తున్నాను.

కాడలు అయిపోయాక ఆ అరటి పట్టను పడెయ్యబుద్ధి కాలేదు. పూతలో ఉన్న మొక్కను నువ్వు పీకావంటే నాకు అర్థమైంది. పుష్యంలో బస్సు ఎక్కగలిగితే జిల్లా కచేరీకి వస్తాను. గొడ్లపాక పైన వాలును నీ పేరున రాసి ఇస్తాను. గింజ రాలేదాకా కాదు, ఎప్పటికీ. ఐతమాన్ సాక్షి సంతకం పెడతానన్నాడు. పెద్దలకు నేను చెప్పుకుంటాను. నువ్వు వద్దంటావని తెలుసు. ఆలోచించి జవాబు రాయి.

పదమ్‌ధ్వజ్


సిదింబా, మార్గశిరం 3

తమ్ముడూ,

వద్దంటానని నీకెవరు చెప్పారు?

మర్యాదకు ఒకసారి కాదని, నువ్వు బతిమాలితే తలవంచుకుని సరేననే వయసు నాకు దాటిపోయింది. ఇస్తానన్నావు, తీసుకుంటాను. డెబ్బై మూడో ఏట నా పేరున భూమి. దిల్‌కుమారి చేత ఆ ముక్క అయిదుసార్లు చదివించుకున్నాను. ఆరోసారి తనే చదివింది.

ఇక్కడి సంగతి. కాయలు పగిలాయి. గాలి లేని రోజు చూసి ఊరంతటినీ పిలిచాను. ఎవరి వరుస కింద వాళ్ళు గుడ్డలు పరిచి దులిపారు. సగం గింజ గుడ్డల్లో, సగం నేల మీద. అలాగే కావాలన్నాను. ఆ తరవాతే కాడలు కోశాం. ఇంటికి రెండు కట్టలు వచ్చాయి. గింజ తీసుకుపోయే ప్రతివాళ్ళ చేతా మట్టి కప్పవద్దని ఒట్టు పెట్టించుకోబోయి, కప్పమని ఒట్టు పెట్టించుకున్నాను. చూశావా, సంతోషంలో నోరు తిరగడం లేదు. కప్పవద్దని. కప్పవద్దని. మాన్‌సరి పట్టుకుంది ఆ తప్పు, లేకపోతే వచ్చే వైశాఖానికి ఊరంతా కలిసి నన్ను తిట్టేది.

వాలుకు ఉత్తరం హద్దు ఏదో నాకూ ఐతమాన్‌కూ నిన్న తగాదా అయింది. రాయి దాకా అంటాడు వాడు, రాయి అవతలి గట్టు దాకా అంటాను నేను. వచ్చేటప్పుడు నాన్న నాటి కాగితం తీసుకురా. సొంత భూమి అయినప్పుడు హద్దు సరిగ్గా ఉండాలి.

పుష్యంలో అన్నావు. ఏ తేదీయో రాయలేదు. బస్సు ఏ రోజుదో, కచేరీ ఏ రోజు తెరిచి ఉంటుందో కనుక్కుని వెంటనే రాయి. ఇక్కడ నేను బొటనవేలికి సిరా పూసుకుని కూర్చున్నాను.

జస్మాయ